బొందు దారి

మొన్న మంగళవారం
కృష్ణలంకలో నా మిషను ముందు
తెల్లటి గుడ్డొకటి తెచ్చి పడేశాడు నాంచారయ్య.
పరిస్తే కొట్టు చాల్లేదు,
సగం రోడ్డు మీదికి పోయింది,
ఆటోవాడు హారన్ కొట్టి తిట్టిపోయాడు.

"ఎవరి పెళ్ళి పందిరి?" అన్నాను.
"తెరచాప, దీవెనమ్మా.
పున్నమి ఘాటులో పిల్లలకి నేర్పుతున్నాం గదా,
అడుగంచు ఊడింది."

ముట్టుకుంటే అప్పడంలా గరగరమంది.
జాకెట్టు గుడ్డ కాదు, దుప్పటి గుడ్డ కాదు,
ఇంత మొండిగా నా వేలిని తోసేసిన గుడ్డ
ఇన్నేళ్ళలో లేదు.
అడుగంచు పొడుగునా
చిటికెన వేలంత తాడు
గుడ్డలో చుట్టి కుట్టి ఉంది.
నడిమధ్యన మూరెడు మేర
కుట్లు తెగి పళ్ళికిలించింది.

"ఈ తాడెందుకయ్యా?"
నేల మీద గీసి చూపించాడు సుద్దముక్కతో
(నాదే, కొలతలు గీసేది):
నిలువుగా కొయ్య,
దాని నడుము దగ్గర అడ్డంగా వాసం.
బూమ్ అంటారంట.
ఆ వాసం వీపున
ఈ చివర్నుంచి ఆ చివరికి సన్నటి గాడి.
నోరు ఇరుకు, కడుపు వెడల్పు.
తాడు లోపల పడ్డాక
పైకి ఊడి రాదు,
పక్కకి జారుతుందంతే.

నవ్వాగలేదు నాకు.
ముప్ఫై రెండేళ్ళుగా
పిన్నీసుకి గుచ్చి లంగాలకి బొందు ఎక్కిస్తున్నాను,
నాకా చెబుతావు?
బొందు దారే గదా ఇది!
కాసేపు ఆలోచించాడు.
"కాదమ్మా. ఇక్కడ
బొందుతో పాటు లంగా కూడా దూరాలి."

మూడు సూదులు విరిగాయి.
నాలుగో సూదికి మనసొప్పక
బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే ఏసోబు దబ్బనం అడిగి తెచ్చి
దారానికి మైనం రాసి
చేత్తోనే కుట్టాను, రెండు రాత్రులు.
మూలల్లో ఇత్తడి కళ్ళు.
వాటి చుట్టూ గుడ్డ ఎన్ని మడతలో లెక్కపెట్టాను,
ఏడు.
అక్కడ మాత్రం ఒక్క పోగు కూడా సడల్లేదు.

ఆదివారం చూడ్డానికి పోయాను.
బ్యారేజీ తలుపులు మూసి ఉన్నాయి,
నీళ్ళు మెట్ల దాకా.
ఒక పిల్ల కొయ్య దగ్గర నిలబడి
గాడి నోట్లోకి తాడు అందిస్తుంటే
ఇంకోడు వాసం చివరికి లాగుతున్నాడు.
జరజరా పోతోంది,
పోతోంది,
సరిగ్గా నా కుట్టు దగ్గర
ఆగిపోయింది.

లావైంది.
తెలుస్తూనే ఉంది, లావైంది.
ఎవరూ నా వైపు చూడలేదు,
అది ఇంకా కష్టం.
నాంచారయ్య జేబులోంచి కొవ్వొత్తి ముక్క తీసి
అంచుకి రెండు పక్కలా రుద్ది
"లాగరా" అన్నాడు.
కదిలింది.

కొయ్య దగ్గరి మూలకి చీల పెట్టారు.
చివరి మూలకి తాడు కట్టి బిగించి
మళ్ళీ ఎందుకో నాలుగు వేళ్ళు వదిలారు.
"గాలి తక్కువుంటే కడుపు కావాలి,
ఎక్కువైతే లాక్కోవాలి" అంది ఆ పిల్ల,
పదేళ్ళుంటాయేమో దానికి.

అప్పుడు చూశాను పక్క పడవని.
దాని చాప అడుగంచు గాడిలో లేదు.
రెండు మూలలే పట్టుకుని
మధ్యలో ఖాళీ,
వాసానికీ గుడ్డకీ నడుమ
సీతానగరం కొండ కనిపిస్తోంది.
"దీనికి గాడి లేదా?"
"ఉంది. వాడం."
"మరి నా రెండు రాత్రులు?"
తల గోక్కున్నాడు.
"అట్టా ఒకటి, ఇట్టా ఒకటి.
బరువు మోసేది ఎటూ మూలలేనమ్మా."

సాయంత్రం సముద్రం వైపు నుంచి గాలి తిరిగింది.
నా చాప ఐదో నెల కడుపులా నిండింది.
రెండు పడవలూ భవానీ ద్వీపం వైపు మళ్ళాయి.
ఏది ముందు పోయిందో
చెప్పను.

కూలి రెండొందల నలభై అన్నాను,
రెండొందలిచ్చాడు.
మిగతా నలభైకి
ఎప్పుడైనా ఎక్కించుకుని తిప్పుతాడంట.
అప్పట్నుంచీ
దిండు గలీబు తెచ్చినా, చేతిసంచి తెచ్చినా
చిరుగు ఎక్కడని అడగడం మానేసి
ముందు మూలలు నలిపి చూస్తున్నాను.